లిమిట్ కమిటీకా, మనిషికా? కాలిఫోర్నియాలో నాయకుల చందాల మీద ఒక సందేహం

గోదారి గట్టు (ఫ్రీమాంట్) | మంగళవారం, రాత్రి 9:42

అందరికీ నమస్తే. నిన్న సాయంత్రం మా వీధి చివరింటి అన్నయ్యగారు ఒక కార్డు ఇచ్చారు. వచ్చే ఆదివారం వాళ్ళ బ్యాక్‌యార్డ్‌లో డిన్నర్, మా ఏరియా అసెంబ్లీ మెంబర్ వస్తున్నాడట. కార్డు అడుగున చిన్న అక్షరాలతో రెండు లైన్లున్నాయి. మొదటిది ఆయన ఎన్నికల కమిటీకి, మనిషికి 5,900 డాలర్ల వరకు. రెండోది ఆయన బ్యాలట్ మెజర్ (జనం నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదన) కమిటీకి, పరిమితి లేదు.

"అదేంటన్నయ్యా, మనిషి ఒక్కడేగా?" అన్నాను. "కమిటీలు రెండు కదా తమ్ముడూ" అని నవ్వి పులిహోర డబ్బా చేతిలో పెట్టి పంపించాడు.

నాకు సిటిజెన్‌షిప్ వచ్చి రెండేళ్ళయింది. ఇప్పటిదాకా ఎవరికీ చందా ఇవ్వలేదు. ఒకే మనిషి ఒక చేత్తో 5,900 దాటితే తప్పంటూ, ఇంకో చేత్తో ఎంతైనా తీసుకోవడం చట్టబద్ధమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలమూరు పిల్లోడు (శాన్ హోసే) | రాత్రి 9:58

పులిహోర ఎలా ఉంది అన్నా?

లెక్కల పిచ్చి (శాక్రమెంటో) | రాత్రి 10:31

గోదారి గారూ, మీ అన్నయ్యగారు చెప్పింది చట్టం ప్రకారం కరెక్టే. ముందు ఒక చిన్న సవరణ. 5,900 అనేది ఒక్కో ఎన్నికకి. ప్రైమరీ (తొలి వడపోత ఎన్నిక) ఒకటి, జనరల్ (అసలు ఎన్నిక) ఒకటి, రెండూ వేర్వేరు లెక్క. అంటే ఒకే సీటుకి ఒకే మనిషి 11,800 దాకా ఇవ్వొచ్చు. గవర్నర్ పోటీకైతే ఈ 2025–26 సైకిల్లో ఒక్కో ఎన్నికకి 39,200.

ఈ లిమిట్లు 2000 నవంబర్లో ఓటర్లు ఆమోదించిన ప్రాప్ 34తో (ప్రాప్ అంటే ప్రపొజిషన్, బ్యాలట్ మీది ప్రతిపాదన) వచ్చాయి. దాంట్లో లిమిట్ పెట్టింది "అభ్యర్థికి ఇచ్చే చందా" మీద. బ్యాలట్ మీదకొచ్చే ప్రతిపాదన అభ్యర్థి కాదు, కాబట్టి దాని కమిటీకి లిమిట్ లేదు. ఆ కమిటీని నడిపేది అభ్యర్థే అయినా సరే. గొడవంతా ఇక్కడే.

ఈ కంత మూసెయ్యాలని, ఎన్నికల చందాల నియమాలు చూసే ఇక్కడి ఫెయిర్ పొలిటికల్ ప్రాక్టీసెస్ కమిషన్ (అందరూ ఎఫ్‌పీపీసీ అంటారు) 2004లో ఒక రూల్ తెచ్చింది. నాయకుడి చేతిలో ఉన్న బ్యాలట్ కమిటీకి కూడా ఆ నాయకుడికున్న లిమిటే వర్తిస్తుందని. 2005లో ఆ రూల్ మీద కోర్టుకెళ్ళారు. అప్పుడు ష్వార్జ్‌నెగర్ గవర్నర్, నవంబర్లో ప్రత్యేక ఎన్నిక పెట్టించి తన ప్రతిపాదనలకి చందాలు పోగేస్తున్న రోజులు. సూపీరియర్ కోర్టు (కింది కోర్టు) రూల్ని ఆపింది, 2006లో అప్పీలు కోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. ఆ అధికారం చట్టం మీకివ్వలేదు, రూల్ రాసి తెచ్చుకోలేరు అని కమిషన్‌కి తేల్చి చెప్పింది. కథ అక్కడితో ఆగిపోయింది. ఇన్నేళ్ళయినా మీ కార్డు మీద రెండో లైను అందుకే ఉంది.

(అంత హడావుడి చేసిన ఆ 2005 ఎన్నికలో బ్యాలట్ మీదున్న ఎనిమిది ప్రతిపాదనలూ ఓడిపోయాయి. అది వేరే సరదా.)

సన్నజాజి (శాన్ హోసే) | రాత్రి 11:05

నేను 2001లో వచ్చాను. 2003 రీకాల్ ఎన్నికని (పదవిలో ఉన్న నాయకుణ్ణి మధ్యలో దించే ఓటు) కళ్ళారా చూశాను. ఓటు లేదు కానీ టీవీ ఉంది కదా. లెక్కల పిచ్చి గారు 2004 రూల్ గురించి చెప్పారు, దానికి ముందు సంవత్సరం జరిగిన భాగోతం చెప్తేగాని ఆ రూల్ ఎందుకు పుట్టిందో అర్థం కాదు.

అప్పటి గవర్నర్ గ్రే డేవిస్‌ని దించాలా వద్దా, దించితే ఎవరు అని రెండు ప్రశ్నలు. బరిలో వంద దాటి అభ్యర్థులు. అందులో అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ క్రూజ్ బుస్తమాంతే ఒకడు. ఆ ఎన్నికలో అభ్యర్థికి ఒక్కొక్కరు ఇవ్వగలిగింది 21,200 డాలర్లు. ఈయన దగ్గర 2002 నాటి పాత కమిటీ ఒకటి మిగిలి ఉంది. లిమిట్లు అమల్లోకి రాకముందు పెట్టిన కమిటీ కాబట్టి దానికి లిమిట్ లేదన్నాడు. దాంట్లోకి దాదాపు 40 లక్షల డాలర్లు వచ్చిపడ్డాయి, ఎక్కువ భాగం క్యాసినోలు నడిపే ఆదివాసీ తెగల నుంచి. అందరూ అరిచేసరికి ఆ డబ్బుని తీసుకెళ్ళి ప్రాప్ 54ని (ప్రభుత్వం జనం జాతి వివరాలు సేకరించకుండా ఆపాలన్న ప్రతిపాదన) వ్యతిరేకించే కమిటీలో పెట్టాడు. అదీ ఆయన కమిటీయే.

తర్వాత టీవీలో ప్రాప్ 54 మీద ప్రకటనలు మొదలయ్యాయి. నేను వంటింట్లోంచి చూసేదాన్ని. ప్రతిపాదన పేరు వినపడుతుంది, తెర మీద మాత్రం ఆయనే, మన వైపు చూసి మాట్లాడుతూ. మా ఆయన "ఈయన గవర్నర్‌కి నిలబడ్డాడా, ప్రాప్ 54కి నిలబడ్డాడా?" అని అడిగాడు. జడ్జి కూడా అదే అడిగాడు లెండి. పోలింగ్‌కి రెండు వారాల ముందు శాక్రమెంటో జడ్జి ఇది చట్ట విరుద్ధం, డబ్బు వెనక్కివ్వండి అన్నాడు. జవాబు ఏంటో తెలుసా? ఖర్చయిపోయింది!

బెజవాడ బాబాయ్ (విజయవాడ) | బుధవారం, ఉదయం 6:20

ఇంతకీ గెలిచాడా అమ్మా?

సన్నజాజి | ఉదయం 7:12

లేదు బాబాయ్ గారూ. ష్వార్జ్‌నెగర్‌కి 48 శాతం పైన, ఈయనకి 31 పైన. ప్రాప్ 54 మాత్రం ఓడిపోయింది, అంటే ఆ ప్రకటనల పని ఆ మేరకి అయినట్టే. మరుసటి ఏడాది ఎఫ్‌పీపీసీతో రాజీ కుదిరి 2,63,000 డాలర్ల జరిమానా కట్టాడు. 40 లక్షల మీద రెండు లక్షల చిల్లర. బ్యాంకు లోను తీసుకున్నా వడ్డీ ఇంతకంటే ఎక్కువయ్యేది.

పెన్నేటి నీళ్ళు (అర్వైన్) | ఉదయం 8:40

అందరూ ఒకే వైపు ఉన్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. తిట్టుకోండి పర్వాలేదు.

చందాల మీద లిమిట్ పెట్టడానికి అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకున్న కారణం ఒక్కటే. 1976 బక్లీ తీర్పు నుంచి అదే మాట: పెద్ద చెక్కు ఇచ్చినవాడికి నాయకుడు రుణపడతాడు, అది లంచం కిందికి దిగుతుంది లేదా అలా కనిపిస్తుంది. అదే తీర్పులో ఖర్చు మీద లిమిట్లు కొట్టేశారు. ఖర్చు పెట్టడం మాట్లాడటంతో సమానం అన్నారు.

ఇప్పుడు బ్యాలట్ ప్రతిపాదన సంగతి చూడండి. అద్దెల నియంత్రణ కావాలా వద్దా అని జనం ఓటేస్తారు. అక్కడ లంచం ఎవరికిస్తారు? మన పక్కనే ఉన్న బర్క్‌లీ నగరం ఇలాంటి కమిటీలకి 250 డాలర్ల లిమిట్ పెడితే 1981లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తొమ్మిదిమంది జడ్జిల్లో ఆ తీర్పుని ఒక్కరే కాదన్నారు. ప్రతిపాదనకి జేబు లేదు, అమ్ముడుపోదు అన్న లెక్కే అది. నాయకుడు ఒక విధానాన్ని నమ్మి దానికోసం జనంలోకి వెళ్తే, ఆ పనికి చందాలడిగితే తప్పేంటి? మామూలు ధనవంతుడు తన ప్రతిపాదనకి కోట్లు పెట్టొచ్చు, ఓట్లతో గెలిచినవాడు మాత్రం 5,900 దగ్గర ఆగాలా?

సన్నజాజి | ఉదయం 9:03

ప్రతిపాదనకి జేబు లేదు సరే, దాని కమిటీ చెక్‌బుక్కు ఎవరి జేబులో ఉంది పెన్నేటి గారూ?

పెన్నేటి నీళ్ళు | ఉదయం 9:15

బాగుంది :) ఒప్పుకుంటున్నాను, 2003 వ్యవహారంలో ప్రతిపాదన వట్టి ముసుగు. కానీ అన్నీ అలాంటివి కావు. 2025 నవంబర్లో వచ్చిన ప్రాప్ 50 (నియోజకవర్గాల హద్దులు మార్చే ప్రతిపాదన) చూడండి. కమిటీ పేరులోనే గవర్నర్ న్యూసమ్ పేరుంది. 10 కోట్ల డాలర్లు దాటి పోగయ్యాయి, ప్రతిపాదన నెగ్గింది. దాచిందేమీ లేదు. నచ్చనివాళ్ళు చూసి వ్యతిరేకంగా ఓటేశారు.

లెక్కల పిచ్చి | మధ్యాహ్నం 12:50

లంచ్ టైమ్‌లో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

పేరు ఉండటం ఆయన దయ కాదండీ, అది రూలు. నాయకుడి చేతిలో ఉన్న కమిటీ అయితే ఆయన పేరు కమిటీ పేరులో ఉండి తీరాలి. "చేతిలో ఉండటం" అంటే చట్టంలో అర్థం ఏంటంటే, కమిటీ చేసే పనుల మీద, తీసుకునే నిర్ణయాల మీద ఆయనకి లేదా ఆయన మనుషులకి గట్టి ప్రభావం ఉండటం. కాగితం మీద సులువుగా ఉంది. రుజువు చెయ్యడమే కష్టం. ప్రకటన స్క్రిప్టు ఎవరు ఓకే చేశారు, పోలింగ్ సర్వే రిజల్టు ముందు ఎవరికి మెయిల్ వెళ్ళింది, దాతలకి ఫోన్లు చేసింది ఎవరి ఆఫీసు స్టాఫ్, ఇవన్నీ తవ్వాలి. ఎఫ్‌పీపీసీలో ఉండేది ఐదుగురు కమిషనర్లు. రాష్ట్రమంతా ఉన్న నగరాలు, కౌంటీలు, స్కూలు బోర్డుల ఫిర్యాదులన్నీ అక్కడికే వెళ్తాయి.

నేను ఈ గోలలోకి ఎలా వచ్చానో చెప్తా. కొన్నేళ్ళ కిందట స్నేహితురాలు స్కూల్ బోర్డుకి నిలబడితే నన్ను ట్రెజరర్‌గా పెట్టింది. "నువ్వు అకౌంట్స్ కదా, గంట పని" అంది. స్కూల్ బోర్డుకి రాష్ట్రం లిమిట్ వర్తించదు, అయినా లెక్క రాసే పద్ధతి ఒకటే. వంద డాలర్లు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. వంద, ఆపైన ఇచ్చిన ప్రతివాళ్ళ పేరు, అడ్రసు, వృత్తి, పనిచేసే చోటు రాయాలి. ఒక పెద్దాయన 250 చెక్కు ఇచ్చి వృత్తి గడి ఖాళీ వదిలేశాడు. 60 రోజుల్లో ఆ వివరం రాకపోతే చెక్కు తిప్పి పంపాల్సిందే. నాలుగుసార్లు ఫోన్ చేశా, ఎత్తడు. 52వ రోజున గుళ్ళో ప్రసాదం లైన్లో దొరికాడు. చేతికి నెయ్యి అంటుకుని ఉండగానే ఫామ్ 460 (చందాల లెక్క చూపే ఫామ్) ప్రింటవుట్ వెనక "రిటైర్డ్ ఇంజనీర్" అని రాయించుకున్నా. 250 డాలర్లకి ఇంత టెన్షన్. అందుకే పెద్దవాళ్ళు కోట్లు అటూ ఇటూ మారుస్తుంటే నాకు కడుపు మండుతుంది.

గోదారి గట్టు | మధ్యాహ్నం 1:30

హహ్హా, ప్రసాదం లైన్ అదిరింది. ఒక సందేహం. 2003లో పాత కమిటీ నుంచి కొత్త కమిటీకి మార్చినట్టు ఇప్పుడు మార్చొచ్చా?

లెక్కల పిచ్చి | సాయంత్రం 5:45

మార్చొచ్చు, కానీ మూట కట్టి విసిరేసినట్టు కాదు. ప్రతి డాలరుకీ అది ఎవరిచ్చారో ఆ పేరు అంటుకునే ఉంటుంది. ముందొచ్చింది ముందు, లేదా చివరొచ్చింది ముందు, ఏదో ఒక వరస పట్టుకుని పేర్ల ప్రకారం దించాలి. సుబ్బారావు పాత కమిటీకి ఇచ్చిన డబ్బు కొత్త కమిటీలోకి వచ్చిందనుకోండి, అది సుబ్బారావు కొత్త లిమిట్‌లో కోత పడుతుంది. లిమిట్ నిండితే మిగతాది రాదు.

ఈ లెక్క నాకు చాలా ఇష్టం. డబ్బుకి రంగు లేదంటారు కదా, ఇక్కడ రంగు పూసి మరీ పంపిస్తారు.

కానీ ఇదంతా అభ్యర్థి కమిటీల మధ్యే. బ్యాలట్ కమిటీకి వచ్చిన డబ్బుతో ఆయన ముఖం టీవీలో నెల రోజులు తిరిగితే, అది ఏ లెక్కలోనూ దిగదు. 2009 ప్రాంతంలో ఎఫ్‌పీపీసీ కనీసం ఈ కమిటీల డబ్బు ప్రతిపాదనల పనికే ఖర్చు పెట్టాలని రూల్ బిగించింది. లిమిట్ పెట్టలేకపోయింది కాబట్టి ఖర్చు దగ్గర పట్టుకుంది.

పాలమూరు పిల్లోడు | సాయంత్రం 6:02

నాది హెచ్‌వన్‌బీ, మా ఆవిడకి గ్రీన్‌కార్డ్. జాయింట్ అకౌంట్ నుంచి నేను చెక్కు రాస్తే నడుస్తదా? మా ఆఫీసులో ఒకతను అట్లనే ఇచ్చిండట.

లెక్కల పిచ్చి | సాయంత్రం 6:20

వద్దు తమ్ముడూ! జాయింట్ అకౌంట్ అయినా సంతకం ఎవరిదో చందా వాళ్ళదే. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్ళు ఏ అభ్యర్థికీ ఇవ్వకూడదు, అది ఫెడరల్ చట్టం, ఊరి కౌన్సిల్ ఎన్నికకి కూడా అంతే. వీసా మీద ఉన్నంతకాలం నాయకుల కమిటీలన్నిటికీ దూరంగా ఉండటం మేలు. మీ ఆవిడ తన ఇష్టంతో తన డబ్బు ఇస్తే సరే. నీ డబ్బు ఆవిడ పేరుతో పంపితే అది ఇంకో నేరం.

పాలమూరు పిల్లోడు | సాయంత్రం 6:24

సమజైంది అన్నా. పులిహోర తినొచ్చా మరి?

చింతచిగురు (మోడరేటర్) | సాయంత్రం 7:10

తినొచ్చు. ఒక మనవి: ఆ డిన్నర్ ఎవరిది, ఏ నాయకుడు అని ఊహించి పేర్లు రాయకండి. ఇప్పటికి రెండు పోస్టులు తీసేశాను.

బెజవాడ బాబాయ్ | గురువారం, ఉదయం 6:05

మీ తంతు చదువుతుంటే నవ్వొస్తోంది. మీకు ఇచ్చేవాడి మీద లిమిట్, ఖర్చు మీద లేదు. మాకు సరిగ్గా తిరగేసి. ఆంధ్రా, తెలంగాణల్లో ఎమ్మెల్యే అభ్యర్థి 40 లక్షలు, ఎంపీ 95 లక్షలు మించి ఖర్చు పెట్టకూడదు. చందా ఇచ్చేవాడికి మాత్రం తలుపులు బార్లా. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లు కొట్టేసేదాకా ఎవడు ఎవడికిచ్చాడో కూడా మనకి తెలిసేది కాదు.

ఆ 40 లక్షల్లో కూడా పార్టీ మొత్తానికి చేసే ప్రచారం ఖర్చు కలవదు. స్టార్ క్యాంపెయినర్ హెలికాప్టర్‌లో దిగితే అది పార్టీ ఖాతా. అంటే మీ నాయకుడికి రెండు కమిటీలు, మా నాయకుడికి ఒక పార్టీ. నీరు పల్లమెరుగు అని ఊరికే అన్లేదు.

పెన్నేటి నీళ్ళు | ఉదయం 9:20

బాబాయ్ గారు నా పాయింటే చెప్పారు. ఒక కంత మూస్తే ఇంకో కంత. రేపు నాయకుల బ్యాలట్ కమిటీలకి లిమిట్ పెట్టారనుకోండి. ఆయన మిత్రులు సొంతంగా కమిటీ పెడతారు, ఆయనతో సంబంధం లేదంటారు. 2010 సిటిజెన్స్ యునైటెడ్ తీర్పు (అభ్యర్థితో సంబంధం లేకుండా సొంతంగా పెట్టే ఖర్చుకి లిమిట్ పెట్టకూడదన్నది) తర్వాత దాన్ని ఎవరూ ఆపలేరు. కనీసం ఇప్పుడు ఆయన పేరు కమిటీ మీద ఉంది. పేరు లేని కమిటీ కన్నా పేరున్న కమిటీ నయం కాదా?

ఇక్కడ 2018 నుంచి ప్రకటనల మీద 50,000 డాలర్లు, ఆపైన ఇచ్చినవాళ్ళలో మొదటి ముగ్గురి పేర్లు చూపించాలి. నా ఓటు దానికి.

సన్నజాజి | ఉదయం 10:48

నయమే. కానీ కంతలున్నాయని గోడ కట్టడం మానేస్తామా? నాకు అసలు బాధ లిమిట్ ఎంత అన్నది కాదు, ఎప్పుడు పట్టుకుంటారన్నది. లెక్కల పిచ్చి గారూ, ఆ అన్నదమ్ముల కేసు మీరు ఒకసారి చెప్పారు కదా, ఇక్కడ కూడా రాయండి.

లెక్కల పిచ్చి | మధ్యాహ్నం 12:35

బెర్రీహిల్ కేసు. 2008లో టామ్ బెర్రీహిల్ అసెంబ్లీలో ఉన్నాడు, తమ్ముడు బిల్ అసెంబ్లీకి నిలబడ్డాడు. అన్న తన కమిటీ నుంచి తమ్ముడి కమిటీకి నేరుగా ఇవ్వగలిగింది 3,600 డాలర్లు. తమ్ముడికి అంతకంటే చాలా కావాలి. రెండు కౌంటీల పార్టీ కమిటీలకి చెరో 20,000 పంపాడు. పార్టీ కమిటీ అభ్యర్థికి ఇచ్చే దానికి లిమిట్ లేదు. అక్కడి నుంచి ఆ డబ్బు తమ్ముడి దగ్గరికి చేరింది.

తమ్ముడు గెలిచాడు. ఎఫ్‌పీపీసీ జరిమానా ఎప్పుడు వేసిందో చూడండి: 2014లో! 40,000 డాలర్లు. పంపింది 40,000, కట్టింది 40,000. ఆరేళ్ళు పట్టింది. కమిషన్ వేసే జరిమానా ఒక్కో తప్పుకి 5,000 మించదు, అందుకే తప్పులు లెక్కపెట్టి లెక్కపెట్టి అంతకి చేర్చాలి.

నేను ప్రసాదం లైన్లో పట్టుకున్న పెద్దాయన వివరం ఇంకో ఎనిమిది రోజులు ఆలస్యమైతే నాకు నోటీసొచ్చేది. చిన్న కమిటీల మీద గడువులన్నీ ముక్కు మీద గుద్దినట్టు పనిచేస్తాయి. పెద్దవాళ్ళ మీద పనిచేసేసరికి వాళ్ళు ఇంకో పదవిలో ఉంటారు.

గోదారి గట్టు | మధ్యాహ్నం 2:15

అయితే పోలింగ్ ముందే ఆపే దారి లేదా?

పెన్నేటి నీళ్ళు | మధ్యాహ్నం 3:40

ఉంది, కోర్టు ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు). 2003లో జడ్జి చేసింది అదే. కానీ మాట్లాడకముందే నోరు మూయించడం అంటే కోర్టులు వెనకాడతాయి, న్యాయంగానే వెనకాడతాయి. రేపు మీకు నచ్చిన నాయకుడి ప్రకటన పోలింగ్‌కి వారం ముందు ఆపేసి, ఏడాది తర్వాత "సారీ, ఆయన తప్పేం లేదు" అంటే ఎలా ఉంటుంది?

సన్నజాజి | సాయంత్రం 4:02

ప్రకటన ఆపమనడం లేదు. డబ్బు ఆపమంటున్నాను. వివాదం ఉన్న చెక్కుని కోర్టు తేల్చేదాకా పక్కన ఖాతాలో ఉంచండి. తేలాక ఆయనదైతే ఆయనకే ఇవ్వండి. ఇల్లు కొన్నప్పుడు డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) పెట్టట్లేదా?

పెన్నేటి నీళ్ళు | సాయంత్రం 4:30

హ్మ్. ఇది ఆలోచించాల్సిందే. ఎన్నిక అయ్యాక విడుదలైన డబ్బు ఎన్నికకి పనికిరాదు అంటారు వాళ్ళ లాయర్లు. కానీ ఆపిన ప్రకటన కన్నా ఆపిన చెక్కు తక్కువ నష్టం, అంతవరకు ఒప్పుకుంటాను.

లెక్కల పిచ్చి | సాయంత్రం 5:55

సమాచారం ఎలాగూ ఉంది. పోలింగ్‌కి ముందు 90 రోజుల్లో 1,000 డాలర్లు, ఆపైన వస్తే 24 గంటల్లో ఫామ్ 497 పెట్టాలి. పెద్ద చెక్కు పడిన మర్నాటికే అందరికీ కనిపిస్తుంది. కనిపించాక ఏం చెయ్యాలో మాత్రం చట్టంలో లేదు.

ఇంకో విడ్డూరం కూడా రాసేస్తాను. రీకాల్‌లో దించాలని చూస్తున్న నాయకుడికి చందాల లిమిట్ లేదు, ఆయన స్థానానికి నిలబడ్డవాళ్ళకి ఉంది. 2021లో నెట్‌ఫ్లిక్స్ సహ వ్యవస్థాపకుడు రీడ్ హేస్టింగ్స్ న్యూసమ్ వైపు కమిటీకి 30 లక్షల డాలర్లు ఇచ్చాడు. ఎదుటి అభ్యర్థులకి అప్పుడు ఒక్కొక్కరు ఇవ్వగలిగింది 32,400. కారణం అదే, రీకాల్ ప్రశ్న కూడా చట్టం దృష్టిలో ప్రతిపాదనే. నాయకుడి ఉద్యోగమే ప్రతిపాదన అయిపోయాక "ప్రతిపాదనకి జేబు లేదు" అన్న మాట ఎక్కడ నిలబడుతుంది పెన్నేటి గారూ?

పెన్నేటి నీళ్ళు | సాయంత్రం 6:30

దీనికి నా దగ్గర జవాబు లేదు. రీకాల్ విషయంలో మీతోనే ఉన్నాను.

బెజవాడ బాబాయ్ | శుక్రవారం, ఉదయం 6:10

స్క్రీన్‌షాట్ తీసుకున్నా. నెట్‌లో ఒకడు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి చూడటం.

గోదారి గట్టు | ఆదివారం, రాత్రి 10:50

వెళ్ళొచ్చాను. నలభై మంది దాకా వచ్చారు. బిర్యానీ బాగుంది, రైతా అయిపోయింది. ఆయన మంచిగానే మాట్లాడాడు, స్కూళ్ళ గురించి, ట్రాఫిక్ గురించి.

టేబుల్ మీద రెండు కవర్లు పెట్టారు, ఒకటి తెలుపు, ఒకటి నీలం. నీలం కవరు బ్యాలట్ కమిటీది. అక్కడ కూర్చున్న అబ్బాయిని "ఇంతకీ ఏ ప్రతిపాదన బాబూ?" అని అడిగాను. కాగితాలు అటూ ఇటూ తిప్పి, "అంకుల్, నవంబర్‌కి ఏదో ఒకటి వస్తుంది" అన్నాడు. వాడి తప్పు కాదు, వాలంటీర్. తిరిగి చూస్తే మా అన్నయ్యగారు నా వైపే చూస్తున్నాడు.

తెల్ల కవర్లో వంద డాలర్ల చెక్కు పెట్టి వచ్చేశాను. నీలం కవరు ముట్టుకోలేదు.

లెక్కల పిచ్చి | ఆదివారం, రాత్రి 11:04

వృత్తి, కంపెనీ పేరు రాశారా?

గోదారి గట్టు | రాత్రి 11:06

రెండూ రాశానండీ, పెద్ద అక్షరాలతో.

లెక్కల పిచ్చి | రాత్రి 11:07

బతికించారు. ఆ ట్రెజరర్ ఎవరో గానీ, ఈ రాత్రి హాయిగా నిద్రపోతాడు.